పందొమ్మిది రోజుల విందు అంటే ఎన్ని రోజులు తినాలి?

సందేహం: మా పక్కింటివాళ్లు బహాయిలు, అంటే బహాయి మతస్థులు. నేను తెలుగు టీచర్ని కదా అని వాళ్లమ్మాయి ఒక వాట్సాప్ మెసేజ్ తెచ్చి తప్పులు దిద్దమంది. అందులో ‘పందొమ్మిది రోజుల విందు’ అని ఉంది. అన్ని రోజులు విందేమిటే అంటే, ‘కాదాంటీ, ఒక్క సాయంత్రమే’ అని నవ్వింది. ఇది తప్పు ప్రయోగం కాదా? ప్రార్థన కోసం కలుసుకుంటే దాన్ని విందు అనొచ్చా? పంతొమ్మిదా, పందొమ్మిదా? (ఒక పాఠకురాలు, హైదరాబాద్)

సమాధానం: చిన్నది ముందు తేల్చేద్దాం. పది, తొమ్మిది కలిసినప్పుడు మధ్యలో సున్న చేరి తకారం దకారమైంది, కాబట్టి పందొమ్మిది. పంతొమ్మిది కూడా జనం నోట నలిగిన మాటే, ఎర్ర సిరా అక్కర్లేదు.

ఇక అసలు సంగతి. ‘రోజుల’ అన్న షష్ఠీ విభక్తి రెండు మాటలకీ ఏదో సంబంధం ఉందని మాత్రమే చెబుతుంది, ఏ సంబంధమో చెప్పదు. మూడు రోజుల పెళ్లి అంటే మూడు రోజులు జరిగేది, మూడు రోజుల పసిగుడ్డు అంటే పుట్టి మూడు రోజులైంది, మూడు రోజుల కూలి అంటే మూడు రోజులు పనిచేస్తే చేతికొచ్చేది, మూడు రోజుల అన్నం అంటే ఇక పారబొయ్యాల్సిందే. పక్కనున్న నామవాచకాన్ని బట్టీ, మనకి అలవాటైనదాన్ని బట్టీ అర్థం కుదురుకుంటుంది. మన ఇళ్లలో పెళ్లయ్యాక చేసే ‘పదహారు రోజుల పండగ’ చూడండి. పదహారు రోజులూ ఎవరూ చెయ్యరు, పదహారో రోజున చేస్తారు, అయినా ఆ మాట విని ఎవరికీ అనుమానం రాదు, ఎందుకంటే ఆ ఆచారం మనకి తెలుసు. మీ పక్కింటి అమ్మాయికీ అంతే, తన ఆచారం తనకి తెలుసు.

ఆ ఆచారం ఏమిటంటే, బహాయి పంచాంగంలో ఏడాదికి 19 నెలలు, నెలకి 19 రోజులు. 19ని 19తో గుణిస్తే 361, మిగిలిన నాలుగో అయిదో రోజులు ఏ నెలకీ చెందవు, వాటిని చివరి నెలకి ముందు పెడతారు. ప్రతి నెలా, మామూలుగా మొదటి రోజున, ఆ ఊరి బహాయిలంతా ఒకచోట చేరతారు. (‘నెల’ అనే మాటకి చంద్రుడనే అర్థం ఉంది, వెన్నెల, నెలవంక అక్కడివే, మరి చంద్రుడితో పనిలేని 19 రోజుల్ని నెల అనొచ్చా అని మీరు అడగలేదు గానీ, జనవరిని అంటున్నప్పుడు దీన్నీ అనొచ్చు.)

తమాషా ఏమిటంటే, వాళ్లకి ‘పందొమ్మిది రోజుల ఉపవాసం’ కూడా ఉంది. ఏడాది చివరి నెల అంతా, అంటే మార్చిలో వాళ్ల కొత్త సంవత్సరం నౌరూజ్‌కి ముందు, సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా ఏమీ తినరు, తాగరు. ఇది నిజంగానే పందొమ్మిది రోజులూ ఉంటుంది! ఒకే ఇంట్లో, ఒకే వ్యాకరణంతో, ఉపవాసమేమో పందొమ్మిది రోజులు, విందేమో ఒక పూట. కొత్తవాళ్లు తికమకపడరూ మరి? అందుకని నా సలహా ఇది: తమలో తాము పంపుకునే మెసేజ్ అయితే దిద్దకండి, అది వాళ్ల పారిభాషిక పదం. బయటివాళ్లకి చెప్పేటప్పుడు మాత్రం ‘పందొమ్మిది రోజులకోసారి జరిగే విందు’ అనమనండి. ఆ ‘కోసారి’తో గొడవ వదిలిపోతుంది.

విందు అనే మాట మీద మీ అనుమానం సహజమే, మనకి విందు అనగానే విస్తరి కనిపిస్తుంది. కానీ పాత తెలుగులో విందు అంటే అతిథి అనే అర్థం కూడా ఉంది. తమిళ విరుందుకీ అంతే, తిరుక్కురళ్‌లో అతిథిని ఆదరించడం గురించి చెప్పిన అధ్యాయం పేరు విరుందోంబల్. బహాయిలు పర్షియన్‌లో దీన్ని జియాఫత్ అంటారు, అదీ అరబీలో అతిథి అనే మాట నుంచి పుట్టిందే. ఇంత దగ్గరగా అతికే తెలుగు మాట ఇంకోటి వెతకడం దండగ. పైగా వాళ్ల గ్రంథం కితాబె అక్దస్‌లో, మంచినీళ్లు మాత్రమే ఇచ్చినా సరే నెలకోసారి ఈ విందు చెయ్యమని ఉంది. వీనుల విందు, కన్నుల విందు అనుకునే మనకి వంటలేని విందు కొత్తేమీ కాదుగా.

ఈ విందులో మూడు భాగాలుంటాయి: ముందు ప్రార్థనలు, తర్వాత ఊరి వ్యవహారాలు, చివర ఫలహారం, కబుర్లు. మధ్య భాగానికి పేరు పెట్టడమే కష్టం. చర్చ అంటే టీవీలో అరుచుకునేది గుర్తొస్తుంది, మంతనాలంటే గుసగుసలు, పంచాయితీ అంటే సరేసరి. నన్నడిగితే సమాలోచన బాగుంటుంది. అక్కడ వచ్చిన సూచనలు ఆ ఊరి బహాయిల వ్యవహారాలు చూసే స్థానిక ఆధ్యాత్మిక సభకి వెళతాయి. అందులో ఉండేది తొమ్మిదిమంది, ఏటా రిద్వాన్ పండగ రోజుల్లో రహస్య ఓటుతో ఎన్నికవుతారు, నామినేషన్లూ ప్రచారమూ ఉండవు.

ఈ విందు బహాయిలు తమలో తాము చేసుకునేది, అందరినీ పిలిచే ప్రార్థన సమావేశం వేరు. అలాంటిదానికి ఒకసారి నేనూ వెళ్లాను. పురోహితుడు లేడు, వాళ్లలో అసలు ఆ పదవే లేదు. ఎనిమిదేళ్ల పిల్లాడు ఒక ప్రార్థన అప్పజెబుతూ మధ్యలో ఆగిపోతే, వాళ్ల నాయనమ్మ పెదాలు కదిపి మాట అందించింది. తర్వాత ఒకాయన గీతాశ్లోకం చదివాడు, ఆపైన ఉప్మా, టీ. వాళ్ల బహాయి నిధికి ఏమైనా ఇద్దామని నేను జేబులో చెయ్యి పెడితే వద్దన్నారు, బహాయిలు కానివాళ్ల దగ్గర దానికి తీసుకోరట. ‘ప్రార్థన చదవడం’ అని వాళ్లంటే మొదట ఎబ్బెట్టుగా తోచింది గానీ, హైదరాబాదులో నమాజు చదవడం అని రోజూ వింటూనే ఉన్నాం కదా.

ఆ మెసేజ్‌లో ఇంకొకటి చూడండి. బహాయిలకి రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది, మనకేమో సూర్యోదయంతో. శుక్రవారం పొద్దుగూకాక జరిగేది వాళ్ల లెక్కలో శనివారానిది. వారం పేరొక్కటే రాస్తే ఎవరో ఒకరు మర్నాడొచ్చి తలుపు తడతారు, తేదీ, ‘సాయంత్రం 7 గంటలకు’ అనీ కూడా రాయించండి.