మైనస్ 263 డిగ్రీల దగ్గర 'వేడెక్కడం' ఉంటుందా?

సందేహం: అతివాహక నానోతీగల (బాగా చలిలో విద్యుత్ నిరోధం లేకుండా పోయే, ఒక్కో ఫోటాన్‌ను అంటే కాంతి కణాన్ని పట్టే అతి సన్నని తీగల) ఉష్ణ ధర్మాల మీద తెలుగులో వ్యాసం రాస్తున్నాను. "ఫోటాన్ తగలగానే తీగ వేడెక్కి 10 డిగ్రీల కెల్విన్ దాటుతుంది. అతివాహకం కాబట్టి ఆ వేడి క్షణంలో తీగ వెంట పారిపోతుంది" అని రాశాను. 10 కెల్విన్ అంటే సుమారు మైనస్ 263 డిగ్రీల సెల్సియస్. అంత చలిలో వేడెక్కడమేమిటి, 'చల్లదనం తగ్గింది' అనాలని నా స్నేహితురాలి వాదన. ఏది సరి?
– ఎం.ఎస్సీ. విద్యార్థిని, తిరుపతి

సమాధానం: మీదే సరి. వేడిగా ఉండటం వేరు, వేడెక్కడం వేరు. మొదటిది స్థితి, రెండోది మార్పు. ఎక్కడ మొదలైందన్నది 'ఎక్కు'కు పట్టదు. అలిపిరిలో మొదటి మెట్టు మీద కాలు పెట్టినవాడు కొండ మీద లేడు, అయినా ఎక్కుతున్నాడు. కాబట్టి "తీగ వేడెక్కింది, కానీ వేడిగా లేదు" అన్న వాక్యంలో వైరుధ్యమేమీ లేదు. (ఎక్కడమంటే ప్రతిసారీ పెరగడమేనని మాత్రం అనుకోకండి. ధర కొండెక్కితే పెరిగినట్టు, దీపం కొండెక్కితే ఆరినట్టు!)

మీ స్నేహితురాలి మాట ఊరికే పుట్టింది కాదు. ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ల సీసాను కాసేపటికి ముట్టుకుని 'చల్లదనం పోయింది' అంటామే గానీ 'వేడెక్కింది' అనం. అక్కడ కొలత మన చెయ్యి. ఇలాంటి తీగలు పనిచేసే 4 కెల్విన్ ప్రాంతంలో చేతికి పనిలేదు. తీగలోకి శక్తి వచ్చి చేరింది, అంతే. తగ్గడానికి చల్లదనమనే వస్తువు అక్కడ లేదు.

తీగ మళ్లీ మామూలు స్థితికి వచ్చేటప్పుడు మాత్రం 'చల్లారింది' అని రాయకండి. కాఫీ చల్లారుతుంది, అన్నం చల్లారుతుంది. ముందు చేతికి వేడి తగిలినవాటికే ఆ మాట నప్పుతుంది. తీగకు 'చల్లబడింది' చాలు.

ఇక మీరు అడగనిది ఒకటి. మీ రెండో వాక్యంలో వ్యాకరణ దోషం లేదు, 'కాబట్టి' దగ్గర విషయ దోషం ఉంది. 1911లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో భౌతిక శాస్త్రవేత్త కామర్లింగ్ ఓన్స్ పాదరసంలో గమనించింది విద్యుత్ నిరోధం మాయం కావడం. కరెంటు అడ్డు లేకుండా పారితే వేడి కూడా అలాగే పారుతుందని లేదు. అతివాహక స్థితిలో జంటకట్టిన ఎలక్ట్రాన్లు కరెంటును మోస్తాయి గానీ వేడిని మోయవు. చలి ముదిరేకొద్దీ జంటకట్టనివి తగ్గిపోతాయి, వాటితోపాటు ఎలక్ట్రాన్లు మోసే వేడీ తగ్గుతుంది. ఒట్టి 'అతివాహకం' అంటే అన్నిటినీ మోసేదేమో అనిపిస్తుంది. మిమ్మల్ని తప్పుదారి పట్టించింది కూడా అదే కావచ్చు. వ్యాసంలో మొదటిసారి వాడేచోటైనా 'విద్యుత్ అతివాహకం' అనండి.

మరి ఆ వేడి ఎటు పోతుంది? ఫోటాన్లను పట్టడానికి నయోబియం నైట్రైడ్ అనే పదార్థంతో చేసే తీగ మందం సుమారు 5 నానోమీటర్లు, వెడల్పు 100 నానోమీటర్ల ప్రాంతం. ఒక్క ఫోటాన్ పడినచోట అతివాహకత్వం చెదిరి నిరోధం పుడుతుంది. ఆ తర్వాత పారుతున్న కరెంటే ఆ చోటును ఇంకా వేడెక్కిస్తుంది. అంత సన్నని తీగలో కాస్త వేడికే ఉష్ణోగ్రత చాలా పెరుగుతుంది. ఆ వేడి ముఖ్యంగా దిగేది తీగ అడుగున ఉన్న పలకలోకి. దిగడం ఆలస్యమైతే తీగ ఆ వేడెక్కిన స్థితిలోనే ఇరుక్కుపోతుంది, తర్వాత వచ్చే ఫోటాన్‌ను పట్టలేదు. అందుకని మీ వాక్యాన్ని ఇలా మార్చుకోండి: "ఆ వేడి అడుగు పలకలోకి దిగిపోయాక తీగ చల్లబడి మళ్లీ అతివాహకమవుతుంది."

'10 డిగ్రీల కెల్విన్'లో డిగ్రీ కొట్టేయండి. 1967లోనే ఆ ప్రమాణం పేరులోంచి డిగ్రీని తీసేశారు. '10 కెల్విన్' అంటే చాలు.