కారణమా, ప్రేరణా, స్ఫూర్తా?

సందేహం: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. నోట్సులో "లాక్, మాంటెస్క్యూ, రూసో వంటి తత్త్వవేత్తల భావాలే ఫ్రెంచి విప్లవానికి కారణం" అని రాస్తే టీచరుగారు 'కారణం' కొట్టేసి 'ప్రేరణ' అని దిద్దారు. రెండూ ఒకటే కదా? పత్రికల్లో 'స్ఫూర్తి' అని కూడా రాస్తున్నారు. ఇంకోటి, హేతువు అన్నా కారణమే కదండీ, మరి ఈ తత్త్వవేత్తల్ని 'హేతువాదులు' అనడం ఏమిటి?

సమాధానం: చివరిది ముందు చూద్దాం, అది తేలితే మిగతావి సులువు.

వాడుకలో హేతువు, కారణం ఒకటిగానే చెల్లుతున్నాయి, 'హేతుకారణం' అని జంటగా కూడా అనేస్తాం. కానీ న్యాయశాస్త్రంలో, అంటే కోర్టు న్యాయం కాదు, తర్కం, హేతువుకి వేరే పని ఉంది. "కొండ మీద నిప్పుంది, పొగ కనిపిస్తోంది గనక" అన్నప్పుడు నిప్పుంది అనేది ప్రతిజ్ఞ (ఇక్కడ శపథం కాదు, నిరూపించాల్సిన మాట), పొగ హేతువు. పొగ వల్ల నిప్పు పుట్టలేదు, నిప్పు వల్లే పొగ పుట్టింది. అంటే పొగకి నిప్పు కారణం, నిప్పుందని నమ్మడానికి పొగ హేతువు. ఒకటి వస్తువుని పుట్టించేది, రెండోది మన మాటని నిలబెట్టేది.

హేతువాదంలో ఉన్నది ఈ రెండో హేతువే. ప్రతిజ్ఞ చేశావు సరే, హేతువు చూపించు అని అడిగేవాడు హేతువాది. 17వ శతాబ్దపు ఇంగ్లండులో ఫిల్మర్ అనే ఆయన, దేవుడు ఆదాముకి ఇచ్చిన తండ్రి అధికారమే వారసత్వంగా రాజులకు సంక్రమించింది కాబట్టి రాజుకి ఎదురు చెప్పరాదని రాశాడు. జాన్ లాక్ 1689లో అచ్చయిన తన రెండు ప్రకరణాల పుస్తకంలో మొదటి ప్రకరణమంతా దీన్ని ఖండించడానికే ఖర్చుపెట్టాడు. ఆదాముకి ఆ అధికారం ఉందనడానికి ఆధారమేది, ఉన్నా అది వారసులకి వెళ్తుందనడానికి ఆధారమేది, వెళ్లినా ఆ వారసుడు ఈ రాజేననడానికి ఆధారమేది అని వరసపెట్టి అడుగుతాడు. (చదవడానికి కాస్త విసుగే, అందరూ రెండో ప్రకరణానికి దూకేస్తారు.) రెండో దాంట్లో, జనం తమ ప్రాణం, స్వేచ్ఛ, ఆస్తి కాపాడుకోవడానికే సమ్మతించి ప్రభుత్వాన్ని ఏర్పాటు చేసుకున్నారనీ, అది ఆ నమ్మకాన్ని వమ్ము చేస్తే మార్చే హక్కు వాళ్లదేననీ అంటాడు. కాబట్టి హేతువాది అంటే దేనికో కారకుడైనవాడని కాదు, హేతువు అడిగేవాడని.

ఇక మీ అమ్మాయి వాక్యం. 'కారణం' తప్పు మాట కాదు, చిక్కంతా దానికి ముందున్న '-ఏ' తో. "భావాలే కారణం" అంటే ఇంకేమీ లేవని అర్థం. 1788 నాటికి ఫ్రెంచి ప్రభుత్వ ఖర్చులో సగం దాకా అప్పుల చెల్లింపులకే పోయేది, ఆ అప్పుల్లో అమెరికా స్వాతంత్ర్య యుద్ధానికి చేసినవీ ఉన్నాయి. అదే ఏడాది జులైలో పెద్ద వడగళ్లవాన పంటల్ని ముంచింది, మరుసటి ఏడాదికి పారిస్‌లో కూలీలు సంపాదనలో సగానికి పైగా రొట్టెలకే పెట్టాల్సి వచ్చింది. 1614 తర్వాత మళ్లీ పిలవని ఎస్టేట్స్ జనరల్ సభను (మతాధికారులు, ప్రభువులు, సామాన్యులు, ఈ మూడు వర్గాల ప్రతినిధుల సభ) రాజు 1789 మేలో సమావేశపరిచాడంటే రూసోని చదివి కాదు, ఖజానా ఖాళీ అయ్యి. ఆ సభ కోసం ఊరూరా ఫిర్యాదుల పట్టీలు రాయించారు. వాటిలో పల్లెల పట్టీలు చూస్తే ఉప్పు పన్ను, దొరకి కట్టాల్సిన బాకీలు, దొర వేట హక్కు, దొరగారి పావురాలు చేలో గింజలు తినిపోవడం, ఇవీ గొడవలు. రూసో చెప్పిన సామాజిక ఒడంబడిక ఊసు చాలావాటిలో ఉండదు. కాబట్టి "కారణాల్లో ఒకటి" అని రాసి ఉంటే ఎవరూ కొట్టేసేవారు కాదు.

అసలు "తత్త్వవేత్తలే కారణం" అని గట్టిగా అన్నవాళ్లు ఎవరనుకున్నారు? విప్లవం అంటే గిట్టనివాళ్లు. 1797లో బారుయేల్ అనే ఫ్రెంచి మతగురువు, ఇదంతా తత్త్వవేత్త వోల్టేర్ బృందం, ఫ్రీమేసన్లనే రహస్య సంఘంవాళ్లు కలిసి చేసిన కుట్ర అని సంపుటాలకు సంపుటాలు రాశాడు. మన ఇళ్లలో "అంతా నీ మూలానే" అంటే నింద అయినట్టు, కారణం అన్న మాట కూడా చెప్పేవాణ్ణి బట్టి నేరారోపణ అయిపోతుంది.

మరి టీచరుగారి 'ప్రేరణ'? నామవాచకంగా ఇప్పుడది మంచి మాట, "మా నాన్నగారే నాకు ప్రేరణ" అంటున్నాం. దాన్ని క్రియ చేసి చూడండి, రంగు మారిపోతుంది. అల్లర్లకు ప్రేరేపించారు, ఆత్మహత్యకు ప్రేరేపించారని కేసు. ఇందులో ప్రేరేపించినవాడికి ఆ ఉద్దేశం ఉందనే ధ్వని ఉంది. వ్యాకరణంలో ప్రేరణార్థకం ఇలాంటిదే: చేయు, చేయించు. చేసినవాడు ఒకడు, చేయించినవాడు ఇంకొకడు, చేయించినవాడికి ఆ పని కావాలి.

మన తత్త్వవేత్తలకు ఆ పని కావాలా అంటే, వద్దు. మాంటెస్క్యూ స్వయానా బారన్, బోర్డో న్యాయస్థానంలో పెద్ద పదవి చేసినవాడు, 1755లోనే పోయాడు. వోల్టేర్ కుర్రతనంలో బాస్తీయ్ జైల్లో ఉన్న మాట నిజమేగానీ, ఆయనకి కావలసింది తెలివైన రాజు, ప్రష్యా రాజు ఫ్రెడరిక్ కొలువులో కొన్నాళ్లు ఉన్నాడు కూడా. రూసో 1762లో ఒడంబడిక పుస్తకం రాస్తే జెనీవాలో తగలబెట్టారు, అందులో ఆయన ప్రజాస్వామ్యం చిన్న రాజ్యాలకే నప్పుతుందనీ పెద్ద దేశాలకి రాజరికమే తగుననీ అన్నాడు. ఆయనా వోల్టేరూ 1778లో కొద్ది వారాల తేడాతో చనిపోయారు. విప్లవం కళ్లారా చూసిన పేరున్న తత్త్వవేత్త కాండోర్సే, పాపం ఆయన 1794లో ఆ విప్లవపు జైల్లోనే పోయాడు. వీళ్లెవరూ విప్లవం 'చేయించలేదు'. అందుకని "తత్త్వవేత్తలు విప్లవాన్ని ప్రేరేపించారు" అని నేను రాయను. "ప్రేరణ అయ్యాయి" అంటే ఒప్పుకుంటాను, టీచరుగారి దిద్దుబాటుకి వంక పెట్టక్కర్లేదు.

నా ఓటు మాత్రం స్ఫూర్తికి. స్ఫురించడం మనకి ఎప్పుడూ '-కు' తో వస్తుంది: నాకు స్ఫురించింది. ఇచ్చినవాడి ఉద్దేశం ఏదైనా కానీ, వెలిగింది పుచ్చుకున్నవాడి బుర్రలో. జరిగిందీ అదే. 1789 ఆగస్టు 26 నాటి హక్కుల ప్రకటన తీసి చూడండి: చట్టమంటే సార్వజనిక సంకల్పమని చెప్పే 6వ అధికరణం రూసో మాట, అధికారాల విభజన లేని సమాజానికి రాజ్యాంగమే లేనట్టని చెప్పే 16వది మాంటెస్క్యూ 1748లో రాసినదాని సారం. కానీ వాటిని ఏరుకుని పక్కపక్కన పెట్టింది ఆ సభలో కూర్చున్న వకీళ్లు, మతగురువులు, ప్రభువులు. రూసో చిన్న రాజ్యం షరతు వాళ్లు పట్టించుకోలేదు, మాంటెస్క్యూ పెద్దింటివాళ్లకిచ్చిన పెద్దపీట తీసేశారు. 1791లో వోల్టేర్ అస్థికల్ని, మహనీయుల సమాధుల మందిరమైన పాంథియాన్‌కి ఊరేగించిందీ వీళ్లే, అంటే తమ పూర్వీకులెవరో వీళ్లే తేల్చుకున్నారన్నమాట.

అమెరికా సంగతిలో ఇది ఇంకా తేటగా ఉంటుంది. 1776 స్వాతంత్ర్య ప్రకటన రాసిన జెఫర్సన్, 1825లో ఒక ఉత్తరంలో, కొత్త సూత్రాలు కనిపెట్టడం తన ఉద్దేశం కాదనీ, అరిస్టాటిల్, సిసెరో, లాక్, సిడ్నీ వంటివారి పుస్తకాల్లో, జనం మాటల్లో అప్పటికే ఉన్నదాన్ని రాశాననీ చెప్పుకున్నాడు. లాక్ చెప్పిన ఆస్తి స్థానంలో ఆయన ఆనందాన్వేషణ పెట్టాడు.

పుచ్చుకున్నవాడిని అడక్కుండా మనమే స్ఫూర్తి అంటగట్టేస్తే ఏమవుతుందో కూడా చూడండి. స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం మన రాజ్యాంగ ప్రవేశికలో ఉన్నాయి కాబట్టి "ఫ్రెంచి విప్లవ స్ఫూర్తితో" అని చాలా గైడ్లలో రాసేస్తారు. అంబేడ్కర్ మాత్రం 1954లో ఆకాశవాణి ప్రసంగంలో, తన తాత్త్వికత మూడు మాటల్లో ఉందనీ, అవి ఫ్రెంచి విప్లవం నుంచి అరువు తెచ్చుకున్నవి కావనీ, తన గురువైన బుద్ధుడి బోధ నుంచి తీసుకున్నవనీ స్పష్టంగా చెప్పారు. అది ఆయన సొంత తాత్త్వికత గురించి చెప్పినది, ప్రవేశిక చరిత్ర మొత్తానికి జవాబు కాదు. అయినా ఆయన పేరు పెట్టి ఆ వాక్యం రాసేముందు ఆలోచించాలి.

మీ అమ్మాయి వాక్యాన్ని నేనైతే ఇలా దిద్దుతాను: "అప్పులు, కరువు, అన్యాయపు పన్నులతో ఫ్రాన్సులో విప్లవం వచ్చింది, దాని నాయకులు లాక్, మాంటెస్క్యూ, రూసోల భావాల నుంచి స్ఫూర్తి పొందారు." పరీక్షలో మాత్రం టీచరుగారు దిద్దినట్టే రాయమనండి, మార్కులు వేసేది ఆవిడ.