ఫోరమ్‌లు పోయాయి సరే, ఆ జవాబులు ఎక్కడ దాచుకోవాలి?

మీరు అడిగినవి రెండు: నెట్‌లో అందరూ చదవగలిగే చర్చా వేదికలైన ఫోరమ్‌లు ఎందుకు ఖాళీ అయ్యాయి, ఏ ఒక్క కంపెనీ చేతిలోనూ లేని వేదికలు వాటి లోటు తీరుస్తాయా అని. మాది గుంటూరు, బ్రాడీపేట. సర్వర్లు చూసుకోవడం నా ఉద్యోగం, ఇంట్లో మిర్చి సేద్యం ఉంది. రెండు వైపులా నాకు తెలిసింది చెప్తాను.

జనం మాట్లాడుకోవడం మానలేదండీ, ఇదివరకటికంటే ఎక్కువే మాట్లాడుకుంటున్నారు, కాకపోతే ఆ మాటలన్నీ బయటివాళ్ళకి కనపడని గ్రూపుల్లోకి పోయాయి. 2021-22లో నల్ల తామర పురుగు మా వైపు మిర్చి తోటల మీద పడింది. పూతలో చేరి రసం పీల్చేస్తుంది, పూత రాలిపోతుంది, ఇక కాయ ఎక్కడిది? మందు మీద మందు కొట్టి అప్పులపాలైనవాళ్ళు మా ఊళ్ళోనే ఉన్నారు. ఆ రోజుల్లో నాన్న ఉన్న ఫోన్ గ్రూపులో అర్ధరాత్రి దాకా మెసేజ్‌లే. నీలం రంగు జిగురు అట్టలు ఎకరానికి ఎన్ని కట్టారు, వేపనూనె ఏ పూట కొడితే కాస్త ఆగింది, యూరియా తగ్గించినవాళ్ళ చేలు ఎలా ఉన్నాయి, లాం ఫారం (గుంటూరు దగ్గరి వ్యవసాయ పరిశోధనా కేంద్రం) శాస్త్రవేత్తలు ఏం చెప్పారు, అన్నీ ఫోటోలతో సహా. డబ్బు పోసినా దొరకని సమాచారం అది. తర్వాతి ఏడాది ప్రత్తిపాడు వైపు కౌలుకి తీసుకున్న మా బాబాయి అదే పురుగు గురించి అడిగితే చూపించడానికి ఒక్క పేజీ లేదు. గ్రూపులో కొత్తగా చేరితే పాతవి కనపడలేదు, నెట్‌లో వెతికితే రావు, ఫోన్ మార్చినవాళ్ళ దగ్గర ఫోటోలు లేవు. ఫోరమ్ పోవడం అంటే నాకు ఇదే. ఒకరు కష్టపడి కనుక్కున్నది, వాళ్ళకి ముక్కూ మొహం తెలియని ఇంకొకరికి మూడేళ్ళ తర్వాత అందే దారి మూసుకుపోయింది.

ఎవరి సొత్తూ కాని వేదిక కొత్త ఆలోచనేం కాదు. 1979లో డ్యూక్ విశ్వవిద్యాలయం విద్యార్థులు తలపెట్టిన యూజ్‌నెట్ అనే చర్చా వ్యవస్థ అలాంటిదే, ఒక సర్వర్‌లో రాసింది మిగతా సర్వర్లన్నిటికీ చేరేది. సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు అనే గుంపులో 90ల్లోనే మనవాళ్ళు తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటూ సాహిత్యం దగ్గర్నుంచి రాజకీయాల దాకా వాదించుకున్నారు. తర్వాత అంతా కంపెనీల కిందికి వచ్చింది. గూగుల్ వాళ్ళ సోషల్ నెట్‌వర్క్ ఆర్కుట్ 2014లో మూతపడింది. యాహూ గ్రూప్స్‌లో దాచిన పాత మెసేజ్‌లు 2019 డిసెంబరులో తీసేశారు, ఏడాది తిరిగేసరికి మొత్తం మూసేశారు. 2023లో విషయాలవారీగా చర్చలు నడిచే రెడ్డిట్ సైట్ బయటి యాప్‌ల దగ్గర డబ్బు వసూలు మొదలుపెడితే వేల కమ్యూనిటీలు నిరసనగా తలుపులు వేసుకున్నాయి, అయినా కంపెనీ వెనక్కి తగ్గలేదు.

ఇప్పటి ప్రత్యామ్నాయాల్లో నాకు అనుభవం ఉన్నది లెమ్మీ, రెడ్డిట్ లాంటిదే గానీ ఎవరైనా సొంత సర్వర్ మీద పెట్టుకోవచ్చు. ట్విట్టర్ లాంటి మాస్టడాన్ లాగే ఇదీ యాక్టివిటీపబ్ అనే ప్రమాణం మీద నడుస్తుంది, సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి అది, వెబ్ ప్రమాణాలు చూసే డబ్ల్యూ3సీ సంస్థ 2018లో ఆమోదించింది. జీమెయిల్‌లో ఉన్నవాళ్ళు ఇంకో కంపెనీ మెయిల్‌కి రాసినట్టు, ఒక సర్వర్‌లో ఖాతా ఉన్నవాళ్ళు వేరే సర్వర్‌లోని చర్చలో జవాబు రాయొచ్చు. రెడ్డిట్ గొడవ అప్పుడు ముగ్గురం కలిసి అద్దె సర్వర్ మీద ఒకటి పెట్టి నడిపాం. పెట్టడం తేలికే, నడపడమే కష్టం. మిగతా సర్వర్ల నుంచి వచ్చే బొమ్మలతో డిస్క్ నిండిపోతుంది, దొంగ ఖాతాలు రాత్రికి రాత్రే పుట్టుకొస్తాయి. 2023 ఆగస్టులో పెద్ద లెమ్మీ సర్వర్ల మీదకి ఎవరో పనిగట్టుకుని చట్టవిరుద్ధమైన బొమ్మలు వదిలారు, ఆ వారం మాకూ ఒకటే టెన్షన్. పైగా 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఫిర్యాదులు తీసుకునే అధికారి పేరు, వివరాలు సైట్‌లో పెట్టాలి. ముగ్గురు స్నేహితులు సాయంత్రాలు చేసుకునే పనిలో ఆ మనిషి ఎవరు? ఈ సంగతి ఎవరూ ముందు చెప్పరు, అందుకే చెప్తున్నాను.

ఇంకోటి, సర్వర్లు విడివిడిగా ఉన్నంత మాత్రాన రాసింది భద్రంగా ఉంటుందని అనుకోవద్దు. మాస్టడాన్‌లో ఒక సర్వర్ నుంచి ఇంకోదానికి మారితే మిమ్మల్ని అనుసరించేవాళ్ళు మీతో వస్తారు గానీ మీ పాత రాతలు రావు. నడిపే మనిషి అలిసిపోయి కట్టేస్తే అంతే సంగతులు. ఇన్నాళ్ళకి నేను తేల్చుకున్నది ఏమిటంటే, సాఫ్ట్‌వేర్ ఏదన్నది రెండో మాట. మొత్తం డేటాని ఎవరైనా, ఎప్పుడైనా, అడగకుండా దించుకునే హక్కు ఉందా లేదా అన్నది మొదటిది. 2003 చివర్లో మొదలైన తెలుగు వికీపీడియా చూడండి. అందులోని సమాచారమంతా ఎవరైనా దించుకోవచ్చు, తిరిగి వాడుకునే లైసెన్సూ ఉంది, కాబట్టి రేపు నడిపేవాళ్ళు మారినా రాసింది మిగులుతుంది.

మీరు కొత్తగా పెట్టేట్టయితే సొంత డొమైన్ (సైట్ చిరునామా) తీసుకోండి, వారానికోసారి బ్యాకప్ అందరికీ తెరిచి పెట్టండి, ఒక్క విషయంతో మొదలుపెట్టండి. మేం మిర్చితో మొదలుపెడుతున్నాం. గ్రూపులో పాతవి దాచుకున్నవాళ్ళని అడిగి, ఒప్పుకున్నవాళ్ళ మెసేజ్‌లు మాత్రమే, ఫోన్ నంబర్లు తీసేసి, ఒక్కో సమస్య కింద ఒక్కో పేజీగా ఎక్కిస్తున్నాం. మీరు విజయవాడ అన్నారు కదా, సర్వర్ నడపడం తెలిసినవాళ్ళు అక్కడ ఎవరైనా ఉంటే రెండో కాపీ మీ దగ్గర పెట్టండి.