హోలోగ్రాఫిక్ మోల్డులు చేసే అమ్మాయికి ఏ చదువు నప్పుతుంది?

ప్రశ్న: మాది తెనాలి. మా పాప ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరంలోకి వచ్చింది. ఏడాదిగా రెసిన్‌తో (పోశాక గట్టిపడే ద్రవం) కీచైన్లు, చెవిపోగులు చేసి తెలిసినవాళ్లకి అమ్ముతోంది. ఇప్పుడు బజార్లో దొరికే మోల్డులు (అచ్చులు) వద్దంటోంది. ఇంద్రధనస్సు రంగులు మెరిసే హోలోగ్రాఫిక్ సిలికాన్ షీట్లు ఇంట్లోనే పోసుకుని, వాటిని మోల్డు అడుగున పరిచి కొత్తరకం వస్తువులు తీస్తానంటోంది. ఇదే వ్యాపారంగా పెట్టుకుంటాను, బీటెక్ వద్దు అని పట్టుబట్టింది. వాళ్ల నాన్నగారు ఆ సామానంతా బయట పడేస్తానంటున్నారు. ఆ వాసనకి ఆరోగ్యం పాడవుతుందేమోనని నాకు టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, సామాను బయట పడేయనివ్వకండి. బీటెక్ వద్దన్న మాటకి ఇప్పుడే సరే అనకండి. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది వేరే మాట. మీ పాప కొన్న మోల్డు పక్కన పెట్టి సొంతంగా మోల్డు చేసుకుంటానంటోంది. కొన్న మోల్డులో రెసిన్ పోసి కీచైన్ తీయడం ఎవరైనా కొద్ది రోజుల్లో నేర్చుకుంటారు. మోల్డు చేయడం అలాంటిది కాదు. అది పూర్తి స్థాయి వృత్తి. దానికి కోర్సులున్నాయి, ఫ్యాక్టరీలున్నాయి, జీతాలున్నాయి. అందుకే దీన్ని చదువుకి అడ్డంగా చూడవద్దని చెబుతున్నాను. ఏ చదువు చదివించాలో ఈ పనే చూపిస్తోంది.

ముందు ఆ పనేమిటో మీరిద్దరూ తెలుసుకోవాలి. ఆ మెరుపు కోసం రంగు ఏమీ కలపరు. హోలోగ్రాఫిక్ ఫిల్మ్ అనే మెరిసే ప్లాస్టిక్ పొర మీద కంటికి కనిపించనంత సన్నటి గీతలు వరసగా ఉంటాయి. ఉదాహరణకి డిఫ్రాక్షన్ గ్రేటింగ్ పేరుతో అమ్మే షీట్లలో మిల్లీమీటరు వెడల్పులో 500 గీతలున్న రకం, 1000 గీతలున్న రకం దొరుకుతాయి. అంటే గీతకీ గీతకీ మధ్య దూరం రెండు మైక్రాన్లో, ఒక మైక్రానో (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. వెలుగు ఆ గీతల మీద పడి రంగులుగా విడిపోతుంది. సీడీని ఎండలో తిప్పినప్పుడు కనిపించే రంగులకీ కారణం ఇదే, అందులో గీతల మధ్య దూరం 1.6 మైక్రాన్లు. మీ పాప ఈ ఏడాది ఫిజిక్స్‌లో వివర్తనం అనే పాఠం చదువుతుంది, ఆ పాఠమే ఇంట్లో తన చేతుల్లో ఉంది.

ద్రవంగా ఉన్న సిలికాన్‌ని ఆ ఫిల్మ్ మీద పోస్తే గీతల్లోకి దిగి అలాగే గట్టిపడుతుంది. ఫిల్మ్ తీసేస్తే సిలికాన్ షీట్ కూడా రంగులు చూపిస్తుంది. ఆ షీట్ మీద రెసిన్ పోస్తే గీతలు రెసిన్‌కి వస్తాయి. మైక్రాన్ స్థాయి గీతని కూడా వదలకుండా పట్టే ఈ గుణం వల్లే సిలికాన్‌కి సైన్స్ ల్యాబుల్లో అంత గిరాకీ. 1990లలో అమెరికాలోని హార్వర్డ్‌లో జార్జ్ వైట్‌సైడ్స్ బృందం సిలికాన్ అచ్చులతో సూక్ష్మమైన ఆకారాలు తీసే పద్ధతిని బాగా అభివృద్ధి చేసింది. దాన్ని సాఫ్ట్ లిథోగ్రఫీ అంటారు. రక్తపు చుక్కని సన్నటి కాలువల్లో నడిపించి పరీక్షించే చిన్న చిన్న చిప్‌లని పరిశోధన ల్యాబుల్లో ఎక్కువగా ఇలాగే పోస్తారు. వాళ్ల నాన్నగారికి ఈ సంగతి తప్పకుండా చెప్పండి. వస్తువు వేరైనా పని పద్ధతి ఒకటే.

ఇక ఈ పని మీద ఇష్టం నిజంగా ఎంతుందో తేల్చుకోవడానికి ఒక దారి చెబుతాను. దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. ఇంట్లో పాత సీడీ-ఆర్ (మనం రికార్డు చేసుకునే రకం సీడీ) ఉంటే, లేబుల్ ఉన్న వైపు బ్లేడుతో గీసి, గట్టి టేపు అంటించి లాగితే వెండిరంగు పొర ఊడి వస్తుంది. మిగిలిన రంగుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగితే పారదర్శకమైన ప్లాస్టిక్ బిళ్ల మిగులుతుంది. పొర ఊడిన వైపే గీతలుంటాయి. సిలికాన్ పోయాల్సింది ఆ వైపు మీదే. ఇది చేయి తిరిగాక ఫిల్మ్ కొనవచ్చు.

ఫిల్మ్ కొనేటప్పుడు చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. గిఫ్ట్ ప్యాకింగ్‌కి వాడే మెరుపు కాగితాల్లో గీతలు సాధారణంగా మరో పొర కింద మూసుకుపోయి ఉంటాయి, సిలికాన్ వాటిని చేరదు. షీట్ నున్నగా వస్తుంది తప్ప మెరుపు రాదు. అందుకని ముందు పరీక్ష చేయాలి. ఫిల్మ్ మూల మీద ఒక్క చుక్క ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వేసి దీపం కింద చూడమనండి. చుక్క పరుచుకున్న మేర రంగులు వెలిసిపోయి, అది ఆరగానే తిరిగి వస్తే గీతలు ఆ వైపు బయటికి ఉన్నట్టు. చుక్క కిందనుంచి కూడా రంగులు అలాగే కనిపిస్తుంటే రెండో వైపు చూడాలి. రెండు వైపులా అంతేనా, ఆ ఫిల్మ్ పనికిరాకపోవచ్చు. ఇదే కారణంతో, తీసిన రెసిన్ వస్తువు మీద మెరుపు కోసం మళ్లీ క్లియర్ రెసిన్ పూత వేయకూడదు. గీతలు పూడిపోయి రంగులన్నీ పోతాయి. వేలిముద్ర జిడ్డు పడినా అంతే, మెరుపు మందగిస్తుంది.

సిలికాన్‌లో ప్లాటినం సాయంతో గట్టిపడే రకం తీసుకోవడం మంచిది. ఎక్కువ రకాలు రెండు భాగాలని సమాన తూకంలో కలిపేవే. గ్రాములో పదో వంతు చూపించే చిన్న తూకం కొనివ్వండి, మిగతా సామాను కంటే అదే ముఖ్యం. గంధకం తగిలితే ప్లాటినం సిలికాన్ గట్టిపడదు, జిగటగా ఉండిపోతుంది. లేటెక్స్ గ్లవ్స్ వల్ల, కొన్ని రకాల మోడలింగ్ క్లేల వల్ల ఇలా జరుగుతుంది. పూర్తిగా గట్టిపడని త్రీడీ ప్రింట్ రెసిన్ కూడా దీనికి పడదు. ఫిల్మ్‌ని గాజు పలక మీద గాలి చొరకుండా, ముడత లేకుండా అంటించి, చుట్టూ గట్టు కట్టి, సిలికాన్‌ని ఒక మూల నుంచి సన్నటి ధారగా పోసి దానంతట అది పారనివ్వాలి. రెండు మూడు మిల్లీమీటర్ల మందం సరిపోతుంది. మే నెల తెనాలి ఎండలో సిలికాన్ త్వరగా బిగుసుకుని బుడగలు లోపలే చిక్కుకుంటాయి కాబట్టి తెల్లవారుజామున పోసుకోవడం మేలు. వాడేటప్పుడు గీతల వైపు పైకి ఉండేలా షీట్‌ని మోల్డు అడుగున ఎత్తుపల్లాలు లేకుండా అదమాలి, లేకపోతే రెసిన్ కిందికి జారుతుంది. రెసిన్‌లో నలుపు, ముదురు నీలం కలిపితే రంగులు బాగా తేలతాయి.

పోసిన ప్రతిసారీ తూకం, గది వేడి, పట్టిన టైమ్, ఫలితం నోటు పుస్తకంలో రాయమనండి. బాగా వచ్చిన షీట్ లాంటిదే మళ్లీ తీయగలుగుతోందా, పాడైనదానికి కారణం వెతుకుతోందా, లేక విసుక్కుని మరో డిజైన్‌కి పోతోందా గమనించండి. కారణం వెతికే పిల్ల అయితే ఇంజినీరింగ్‌లో ఒక శాఖ ఆమె కోసమే ఉంది. ఎప్పుడూ కొత్త ఆకారాల మీదే మనసు పోతుంటే డిజైన్ చదువు నప్పుతుంది. రెండిట్లో ఏదైనా మంచిదే.

ఆరోగ్యం గురించి మీ భయం సరైనదే, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. గట్టిపడిన రెసిన్‌తో పెద్ద ఇబ్బంది లేదు. ప్రమాదం ఎక్కువగా ద్రవంగా ఉన్నప్పుడే. ఎపాక్సీ రెసిన్, దాన్ని గట్టిపరచడానికి కలిపే హార్డెనర్ పదే పదే చర్మానికి తగిలితే ఎలర్జీ వస్తుంది. ఒకసారి వచ్చిందంటే సాధారణంగా జీవితాంతం పోదు, తర్వాత కొంచెం తగిలినా దద్దుర్లు లేస్తాయి. యూవీ దీపం వెలుగుకి గట్టిపడే యూవీ రెసిన్‌తోనూ ఇదే గొడవ. డబ్బా మీద నాన్ టాక్సిక్ అని ఉందని గ్లవ్స్ మానేయకూడదు. నైట్రైల్ గ్లవ్స్ వేసుకోవాలి, చిరిగితే వెంటనే మార్చాలి. ఎన్95 మాస్కు గరుకు కాగితంతో రుద్దేటప్పుడు లేచే దుమ్ముకి పనికొస్తుంది గానీ వాసనని ఆపదు. దానికి ఆవిరిని పట్టే కార్ట్రిడ్జ్ మాస్కు వేరే ఉంటుంది. పడుకునే గదిలో, వంటింట్లో ఈ పని వద్దు. గాలి ఆడే వరండా గానీ, కిటికీలు తీసి ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉన్న గది గానీ ఇవ్వండి. మిగిలిపోయిన రెసిన్‌ని సింకులో పారబోయకుండా గట్టిపడ్డాక చెత్తలో వేయాలి. ఇవి పాటించనంటే పని ఆపించే హక్కు మీకుంది. ఆ విషయంలో నేను పూర్తిగా మీవైపే.

చదువుల సంగతికి వద్దాం. ప్లాస్టిక్స్, మోల్డుల పనికి కేంద్ర ప్రభుత్వ సంస్థ సిపెట్ ఉంది. 1968లో చెన్నైలో మొదలైంది. మనకి హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ కేంద్రాలున్నాయి. పదో తరగతి తర్వాత డిప్లొమాలు, బీఎస్సీ తర్వాత ప్లాస్టిక్స్ ప్రాసెసింగ్, టెస్టింగ్‌లో పీజీ డిప్లొమా ఉన్నాయి. చెన్నై, భువనేశ్వర్ లాంటి చోట్ల బీటెక్ కూడా ఉంది. హైదరాబాద్ బాలానగర్‌లోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌ది కూడా 1968 నుంచే ఉన్న పేరు. డై (లోహపు అచ్చు), మోల్డు తయారీలో దాని డిప్లొమాకి ఫ్యాక్టరీల్లో విలువ ఉంది. బీటెక్ మెకానికల్ చేసినవాళ్లకి అక్కడ మోల్డ్ డిజైన్‌లో పీజీ కోర్సు ఉంది. మీ పాప ఇప్పటికే ఇంటర్‌లో ఉంది కాబట్టి పదో తరగతి డిప్లొమాల కోసం వెనక్కి వెళ్లక్కర్లేదు. బీటెక్‌లో మెకానికల్, కెమికల్, పాలిమర్ శాఖలు చూడండి. అందరూ వెళ్తున్నారని కంప్యూటర్ సైన్స్‌లో కూర్చోబెడితే ఈ పిల్ల చేతిలో ఉన్న విద్య వాడిపోతుందని నా అభిప్రాయం. బీఎస్సీ ఫిజిక్స్ చేసి ఎమ్మెస్సీలో ఆప్టిక్స్ వైపు వెళ్లడం ఇంకో దారి. బ్యాంకు కార్డుల మీద, మద్యం సీసాల ఎక్సైజ్ లేబుళ్ల మీద ఉండే హోలోగ్రామ్‌లది కూడా ఇదే సైన్సు.

ఇంకో మాట. మీ తెనాలిలోనే విగ్రహాలు పోసే శిల్పశాలలున్నాయి. మట్టి నమూనా నుంచి అచ్చు ఎలా తీస్తారో, అచ్చుని ఏ చోట రెండుగా విడదీస్తారో ఒక పూట దగ్గరుండి చూపించండి. మచిలీపట్నం పక్క చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ నగల పని కూడా చూపిస్తే మంచిది. చెవిపోగులు చేసే అమ్మాయికి అక్కడి డైల పని చూస్తే ఎన్నో సందేహాలు తీరతాయి. వాళ్ల నాన్నగారే తీసుకెళ్తే మరీ మంచిది.

వ్యాపారం మాట. హోలోగ్రాఫిక్ వస్తువులకి ఒక బలహీనత ఉంది, గీతలు పైనే ఉంటాయి కాబట్టి రాపిడికి అరుగుతాయి. జేబులో తాళాలతో నలిగే కీచైన్‌కి ఈ మెరుపు ఎక్కువ కాలం నిలవదు. వేడి టీ కప్పు పెట్టే కోస్టర్‌కీ నప్పదు, చాలా ఎపాక్సీలు ఆ వేడికి మెత్తబడతాయి. చెవిపోగులు, లాకెట్లు, గోడకి పెట్టే నేమ్‌ప్లేట్లు మేలు. వీటికంటే కూడా, తయారైన సిలికాన్ షీట్లనే ఇతర రెసిన్ ఆర్టిస్టులకి అమ్మడంలో ఎక్కువ విలువ ఉందని నాకనిపిస్తుంది. అది చేయగలిగేవాళ్లు తక్కువ. అయితే వాడే కొద్దీ షీట్ మెరుపు తగ్గుతుంది. ఎన్ని పోతల వరకు బాగుంటుందో తనే పోసి చూసి, ఆ లెక్క కొనేవాళ్లకి నిజాయితీగా చెప్పాలి. ధర వేసేటప్పుడు పాడైన పోతల ఖర్చు, తన గంటల కూలి కలపాలి. ఇంకొకరి డిజైన్ మోల్డు కొని దాని నకలు తీసి అమ్మడం, కార్టూన్ బొమ్మలు వేసి అమ్మడం అసలు చేయనివ్వకండి, అది చట్టంతో వచ్చే చిక్కు. పద్దెనిమిది నిండి అమ్మకాలు నిలదొక్కుకున్నాక చిన్న వ్యాపారాలకి ఉండే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించండి, దానికి ఫీజు లేదు. అప్పు చేసి బుడగలు తీసే వాక్యూమ్ చాంబర్, త్రీడీ ప్రింటర్ ఇప్పుడే కొనవద్దు. అమ్మిన డబ్బుతో వచ్చినప్పుడు వస్తాయి.

ఇంటర్ పరీక్షలు అయ్యేదాకా ఈ పని ఆదివారాలకి పరిమితం చేయండి. ఆ రోజు మాత్రం ఎవరూ అడ్డు చెప్పకూడదు, ఈ ఒప్పందం ముగ్గురూ కూర్చుని చేసుకోండి. డిజైన్ వైపు మనసుంటే విజయవాడ ప్రాంతంలోనే ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) ఆంధ్రప్రదేశ్ ఉంది, దాని బీడెస్ అనే డిజైన్ డిగ్రీకి డాట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఐఐటీ హైదరాబాద్ బీడెస్‌కి యూసీడ్ అనే ప్రవేశ పరీక్ష. యూసీడ్ సాధారణంగా జనవరిలో జరుగుతుంది, దరఖాస్తులు అంతకు ముందే శీతాకాలం మొదట్లో ముగుస్తాయి. యూసీడ్‌కి ఇంటర్ పాసైన ఏడాది, ఆ మరుసటి ఏడాది మాత్రమే అవకాశం ఉంటుంది కాబట్టి దసరా సెలవుల్లోపు రెండు వెబ్‌సైట్లూ తెరిచి తేదీలు రాసిపెట్టుకోండి. ఆ నోటు పుస్తకం, బాగా వచ్చిన షీట్లతో పాటు పాడైనవి కూడా దాచమనండి. ఎన్‌ఐడీ రెండో దశలో చేతులతో చేసే స్టూడియో పరీక్ష ఉంటుంది, దానికి సిద్ధమయ్యేటప్పుడు అవన్నీ అక్కరకొస్తాయి.