అనిమే బొమ్మకు ఏ బ్రష్? మేనకోడలికి ఒక ఉత్తరం

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

ట్యాబ్‌లో అనిమే బొమ్మలు, అంటే జపాన్ యానిమేషన్ తరహావి, వెయ్యడానికి బొమ్మల యాప్‌లోకి ఏ బ్రష్‌లు దింపుకోవాలో చెప్పమన్నావు. నువ్వు పంపిన జాబితాలో ఇప్పటికే నూట ఎనభై ఉన్నాయి. వాటిలో నీకు కావలసినవి నాలుగే. చిత్తుగీతలకు పెన్సిల్ ఒకటి, అసలు గీతకు పెన్ను ఒకటి, రంగుకీ నీడకీ గట్టి అంచున్న గుండ్రటి బ్రష్ ఒకటి, పొగలా పరుచుకునే ఎయిర్‌బ్రష్ ఒకటి. మిగతావి చెరిపెయ్యక్కర్లేదు, ఒక ఫోల్డర్‌లో వేసి మూసిపెట్టు. బొమ్మ మధ్యలో బ్రష్‌లు మార్చుకుంటూ పోతే ముఖం ఒక చేతితో, జుట్టు ఇంకో చేతితో వేసినట్టు ఉంటుంది.

బ్రష్ కంటే ముందు చేతిలో పెన్ను సంగతి చూడాలి. నీ ట్యాబ్‌తో వచ్చిన ఎస్ పెన్‌కు ఒత్తిడి తెలుస్తుంది, కాబట్టి నీకు చింత లేదు. ఐప్యాడ్ కొన్న నీ స్నేహితురాలికి మాత్రం ఈ మాట చెప్పు. ఆపిల్ పెన్సిల్‌లో మొదటి తరం, రెండో తరం, ప్రో ఒత్తిడిని గుర్తిస్తాయి. 2023లో వచ్చిన యూఎస్‌బీ సీ రకం గుర్తించదు. తక్కువ ధరకు దొరికే ఇతర కంపెనీల పెన్సిళ్లలో చాలావాటికి వంపు తెలుస్తుంది కానీ ఒత్తిడి తెలియదు. అలాంటి పెన్నుతో ఎంత మంచి బ్రష్ పట్టినా గీత మొదటి నుంచి చివరిదాకా ఒకే లావులో పోతుంది. అప్పుడు బ్రష్ సెట్టింగ్‌లో గీత మొదలు, చివర తానే సన్నబడేలా పెట్టుకోవాలి. బొమ్మలు వేసే యాప్‌లు ఐబిస్ పెయింట్, క్లిప్ స్టూడియో, ప్రొక్రియేట్ మూడింటిలోనూ ఆ వీలుంది. పెన్ను కొనేటప్పుడు డబ్బా మీద 4096, 8192 అని ఒత్తిడి మెట్లు రాసి ఉంటాయి. ఆ తేడా చేతికి తెలియదు, దానికోసం ఎక్కువ డబ్బు పెట్టొద్దు.

ఇక పేర్ల సంగతి. అందరూ మొదట వెతికేది జీ పెన్. ఆ పేరు జపాన్‌లో మాంగా, అంటే అక్కడి బొమ్మల కథలు, వేసేవాళ్లు సిరాలో ముంచి వాడే లోహపు పాళీది. పాళీ మధ్యలో చీలిక ఉంటుంది. నొక్కితే రెండు కొనలూ విడిపోయి గీత లావవుతుంది, వదిలితే దగ్గరపడి సన్నబడుతుంది. మారు పెన్ ఇంకా సన్నటి పాళీ, వెంట్రుకంత గీతలకు వాడతారు. కబురా పెన్ నొక్కినా లావు పెద్దగా మారదు. క్లిప్ స్టూడియోలో మ్యాపింగ్ పెన్, టర్నిప్ పెన్ అని కనబడేవి ఈ రెండే. జీ పెన్ నలుపు తెలుపు మాంగా పేజీకి ప్రాణం. అక్కడ రంగు ఉండదు కాబట్టి బరువూ దూరమూ వేగమూ అన్నీ గీత లావుతోనే చెప్పాలి.

అనిమే గీత అలాంటిది కాదు. తెర మీద సెకనుకు 24 ఫ్రేములు నడుస్తాయి. ఒక్కో బొమ్మను మూడేసి ఫ్రేములు నిలిపినా సెకనుకు 8 బొమ్మలు గియ్యాలి. ఒక బొమ్మలో దవడ గీత లావుగా, తర్వాతి దానిలో సన్నగా ఉంటే తెర మీద ఆ గీత వణుకుతుంది. అందుకే అక్కడ గీత సన్నగా, దాదాపు ఒకే లావులో, రంగు బయటికి కారకుండా ఎక్కడా తెగకుండా ఉంటుంది. నీడల కథా అదే. పారదర్శకమైన సెల్ షీటు వెనక వైపు ఒక్కో ముక్కకు ఒక్కో రంగు పూసే రోజుల్లో నీడకు విడిగా ఒక రంగు, దానికి కత్తితో కోసినట్టు ఒక అంచు. పని కంప్యూటర్‌లోకి వచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు. నువ్వు అనిమే లుక్ అంటున్నది చాలావరకు ఈ గట్టి అంచే. కాబట్టి ఏ బ్రష్‌ను చూసినా ముందు దాని అంచు చూడు, తర్వాత మొన చూడు. ప్యాక్ అమ్మేవాళ్లు చూపించే నమూనా బొమ్మను అసలు చూడకు. అది గీసిన చెయ్యి గొప్పతనమే తప్ప బ్రష్‌ది కాదు.

కొత్త పెన్ను బ్రష్ చేతికి రాగానే ఒక పరీక్ష పెట్టు. 3000 × 4000 పిక్సెళ్ల కాన్వాస్ తెరిచి, బ్రష్ సైజు 10 పెట్టి ఆరు రకాల గీతలు వెయ్యి. మొదటిది చింతాకు ఆకారం, అంటే మెల్లగా మొదలై మధ్యలో లావై మళ్లీ సన్నబడే గీత. రెండు కొనలూ సూదిలా వస్తున్నాయా, మొద్దుగా ఆగిపోతున్నాయా చూడు. రెండోది ముంగురి ఒకటి, గట్టి వంపుతో. మూడోది పై కనురెప్ప. నాలుగోది వేగంగా వేసే పొట్టి గీతలు ఓ పది, రెప్ప వెంట్రుకల్లా. పొట్టి గీత దగ్గరే చాలా బ్రష్‌లు దొరికిపోతాయి, మొన సన్నబడే లోపలే గీత అయిపోతుంది. అయిదోది ఒకదాన్నొకటి దాటే రెండు గీతలు. దాటిన చోట ముదురు మచ్చ పడిందంటే ఆ బ్రష్‌లో ఒత్తిడికి రంగు చిక్కదనం కూడా మారుతోందని అర్థం. ఆరోది మూసిన వృత్తం. దాంట్లో బకెట్‌తో, అంటే మూసిన చోటంతా ఒకేసారి నింపే సాధనంతో, రంగు పొయ్యి. బయటికి కారితే, లేదా గీత వెంబడి తెల్లటి చుక్కలు మిగిలితే, ఆ బ్రష్ గీతలో గరుకు ఉంది. గరుకు గీత పెన్సిల్ బొమ్మకు అందం, బకెట్‌తో రంగు నింపే బొమ్మకు తలనొప్పి.

ఐబిస్ పెయింట్‌లో ముందే ఉన్న డిప్ పెన్ హార్డ్ ఈ ఆరింటిలో నెగ్గుతుంది, దానితో మొదలుపెట్టు. క్లిప్ స్టూడియోలో జీ పెన్ గానీ టర్నిప్ పెన్ గానీ చాలు. ప్రొక్రియేట్‌లో స్టూడియో పెన్, ఉచితంగా దొరికే క్రిటాలో ఇంక్ 3 జీపెన్ సరిపోతాయి. ఈ బ్రష్‌లన్నీ ఆయా యాప్‌లలోనే ఉంటాయి, విడిగా డబ్బు పెట్టి కొనాల్సినవి ఏవీ లేవు.

అయితే ఉన్నవి ఉన్నట్టు వాడకు. పెన్నులో మూడు మీటలు నీకు తగ్గట్టు తిప్పుకోవాలి. మొదటిది ఒపాసిటీ, అంటే రంగు చిక్కదనం. దాన్ని 100 దగ్గర కట్టెయ్యి, ఒత్తిడికి మారకుండా ఆపెయ్యి. గీతలో ఒత్తిడి ప్రభావం లావు మీదే ఉండాలి. రెండోది మినిమమ్ సైజు, అంటే ఎంత తేలిగ్గా ఆనించినా గీత ఎంతకంటే సన్నబడకూడదు అన్నది. అచ్చం టీవీ అనిమేలా కావాలంటే 50 నుంచి 60 శాతం. పోస్టర్ బొమ్మలా కొంచెం జీవం కావాలంటే 20 నుంచి 30. మాంగా అయితే 10 లోపు. నువ్వు పంపిన బొమ్మలో ముక్కు గీత మాయమై, భుజం గీత తాడులా ఉండడానికి కారణం ఇదే. మినిమమ్ సున్నా దగ్గర ఉంది, నువ్వేమో ముఖం దగ్గర భయంగా తేలిగ్గా, భుజం దగ్గర ధైర్యంగా గట్టిగా నొక్కావు.

మూడోది స్టెబిలైజర్. దీన్ని గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే చెయ్యి వణుకుతోందని అందరూ దీన్ని చివరిదాకా తోసేస్తారు. స్టెబిలైజర్ నీ పెన్ను దారిని సగటు తీసి గీస్తుంది. అంటే గీత నీ పెన్ను వెనక ఆలస్యంగా నడుస్తుంది, మూలలు గుండ్రమైపోతాయి, పొట్టి వంపులు కుదించుకుపోతాయి. కంటి బయటి మూల కోసుగా ఉండాల్సింది మొండిగా వచ్చిందంటే తప్పు నీ చేతిది కాదు, స్టెబిలైజర్‌ది. పదికి లెక్క ఉండే ఐబిస్‌లో కళ్లకూ నోటికీ 1 లేదా 2, దవడకూ పొడవాటి జుట్టుకూ 4 లేదా 5. వందకు లెక్క ఉండే క్లిప్ స్టూడియోలో కళ్లకు 10 నుంచి 15, జుట్టుకు 30 నుంచి 50. ప్రొక్రియేట్‌లో ఈ పని స్ట్రీమ్‌లైన్ చేస్తుంది. ఒకే పెన్నుకు రెండు నకళ్లు చేసుకుని, ఒకదానికి కన్ను అని, రెండోదానికి జుట్టు అని పేరు పెట్టుకుంటే మాటిమాటికీ మీట తిప్పక్కర్లేదు.

మిగతా వణుకు చేతిలోంచే పోవాలి. ముగ్గు వేసేటప్పుడు పొడవాటి గీతను వేళ్లతో లాగవు కదా, భుజం నుంచి చెయ్యంతా కదులుతుంది. జుట్టు పాయ కూడా అంతే. పెద్ద గీతకు కాన్వాస్‌ను తిప్పుకుని, చేతికి వాటంగా ఉన్న వైపుకు ఒక్క ఊపులో లాగు, బాగోకపోతే వెనక్కి తీసుకుని మళ్లీ లాగు. చిన్నచిన్న ముక్కలు అతికించిన గీతను ఏ బ్రష్షూ బాగుచెయ్యలేదు.

సైజుల లెక్క ఇది. పైన చెప్పిన కాన్వాస్‌లో నడుము దాకా ఉన్న పాత్రకు బయటి గీత 8 నుంచి 10 పిక్సెళ్లు, ముక్కూ నోరూ బట్టల మడతలూ 4 నుంచి 6. పై కనురెప్పను ఒక్క లావు గీతతో వెయ్యకు. 6 సైజు పెన్నుతో అయిదారు గీతలు పక్కపక్కన వేసి, మధ్యలో లావుగా చివర కోసుగా ఆకారం కట్టు. పాత్రను తల నుంచి పాదాల దాకా వేస్తే ఈ అంకెలన్నీ మూడో వంతు తగ్గించు. సైజు సరిపోయిందో లేదో దగ్గరగా జూమ్ చేసి తేల్చుకోవద్దు, బొమ్మ మొత్తం తెరలో పట్టేలా తగ్గించి చూడు. అప్పటికీ ముక్కు కనబడాలి, బయటి గీత మాత్రం ముందుకు దూకకూడదు.

గీత కొనలు ఎంత బాగున్నా చెరిపే బ్రష్ మెత్తనిదైతే పాడవుతాయి. గీసిన పెన్నునే రబ్బరుగా వాడు. ప్రొక్రియేట్‌లో రబ్బరు గుర్తును కాసేపు నొక్కి పడితే చేతిలో ఉన్న బ్రష్షే రబ్బరవుతుంది. క్లిప్ స్టూడియోలో పారదర్శక రంగు ఎంచుకుని అదే పెన్నుతో గీస్తే సరి. మొద్దుగా వచ్చిన పాయ చివరను రెండు పక్కల నుంచీ ఇలా చెక్కితే సూదిలా తేలుతుంది. క్లిప్ స్టూడియో వాడితే గీతలను వెక్టర్ లేయర్ మీదే వెయ్యి, అంటే గీతను తర్వాత మార్చుకోగలిగేలా దాచే పొర మీద. గీత వేశాక కూడా లావు మార్చుకోవచ్చు, ఒకదాన్నొకటి దాటిపోయిన పాయల కొసలు దాటిన చోటు వరకే వెక్టర్ రబ్బరుతో ఒక్కసారి తాకితే చెరిగిపోతాయి.

చిత్తుగీతల పెన్సిల్ గురించి అంత ఆలోచించకు. సైజు 10 నుంచి 15 ఉన్న ఏ పెన్సిలైనా ఫరవాలేదు. లేత నీలం రంగులో గీసి, పైన పెన్ను వేసేటప్పుడు ఆ లేయర్‌ను 20 శాతానికి తగ్గించు.

రంగుకొద్దాం. గీతల లేయర్‌ను రిఫరెన్స్‌గా, అంటే బకెట్ దాని గీతలనే హద్దుగా చూసేలా, పెట్టి, కింద ఇంకో లేయర్ మీద బకెట్‌తో నింపు. గీతకూ రంగుకూ మధ్య సన్నటి తెల్ల అంచు మిగులుతోందన్నావు. గీత పక్కన సగం పారదర్శకంగా ఉండే పిక్సెళ్ల దగ్గర బకెట్ ఆగిపోవడమే దానికి కారణం. నింపే సాధనంలో రంగును 1 నుంచి 2 పిక్సెళ్లు బయటికి విస్తరించమని పెడితే పోతుంది. ప్రొక్రియేట్‌లో రంగును బొమ్మ మీదికి లాగి, వేలు ఎత్తకుండా పక్కకు జరిపి థ్రెషోల్డ్, అంటే రంగు పాకే హద్దు, పెంచాలి. మరీ పెంచితే కాన్వాసంతా నిండిపోతుంది, తగ్గించినా అలాగే అయితే ఎక్కడో గీత తెగిందన్నమాట.

నీడకు మూడో బ్రష్, అంచు గట్టిగా ఉన్న గుండ్రటిది. ఒపాసిటీ 100, ఒత్తిడి లావు మీదే. రంగు లేయర్ మీద క్లిప్పింగ్ లేయర్, అంటే కింద రంగు ఉన్న మేరకే కనబడే పొర, పెట్టి వేస్తే నీడ బయటికి పోదు. నీడను చుక్కలుచుక్కలుగా పులమకు. ముంగురుల కింద, గడ్డం కింద ముందు నీడ ఆకారం అంచు గీసి, తర్వాత లోపల నింపు. మొదటి నీడ అంతా అయ్యాకే, ఇంకా ముదురుగా రెండోది అవసరమైన ఒకటి రెండు చోట్ల వెయ్యి. నీడ రంగుకు నలుపు కలిపితే చర్మం మసిబారుతుంది, ఎరుపు వైపు జరుపు.

ఎయిర్‌బ్రష్ అంటే నాకు కోపం లేదు, కానీ అది చేతిలో ఉంటే ఆగబుద్ధి కాదు. ముఖమంతా దానితో నీడ వేస్తే ప్లాస్టిక్ బొమ్మ తయారవుతుంది. దానికి మూడు చోట్లే అనుమతి: బుగ్గల ఎరుపు, కనుగుడ్డులో పైనుంచి కిందికి దిగే రంగు, ముఖం పక్క జుట్టులోకి దిగే చర్మపు ఛాయ. సైజు 300 నుంచి 500, ఒపాసిటీ 10 నుంచి 20, ఒకటి రెండు సార్లు అలా ఆనించి వదిలెయ్యి. కంటిలో తెల్ల మెరుపు చుక్కను మాత్రం మళ్లీ గట్టి బ్రష్‌తోనే, అన్నిటికంటే పై లేయర్‌లో పెట్టు.

నీ జాబితాలో జుట్టు బ్రష్‌లు ముప్పై దాకా చూశాను. ఒక్క లాగుకి ఇరవై వెంట్రుకలు పడేవి. అనిమేలో జుట్టు వెంట్రుకలుగా ఉండదు, పాయలుగా ఉంటుంది. తలకు ముందు పెద్ద పాయలు అయిదారు, వాటి మధ్య సన్నవి రెండు మూడు, విడిపోయి ఎగిరేవి ఒకటి రెండు, అంతే. ఆ పని నీ పెన్నే చేస్తుంది. వెంట్రుకల బ్రష్ పెడితే జుట్టు ఫోటోలా, ముఖం కార్టూన్‌లా కనబడి రెండూ పొసగవు. ఒక్క తాకుకి తయారుగా పడే రెప్పల ముద్రలు, కళ్ల ముద్రలు కూడా వద్దు. ముద్ర ఒకే కోణంలో ఉంటుంది, తల కాస్త తిరిగితే కన్ను ముఖం మీద అతికించినట్టుంటుంది. లేసు, గొలుసు, ఆకులు లాంటివాటికి ముద్ర బ్రష్ వాడుకో, తప్పేం లేదు.

ఈ ఆదివారం లోపు ఆరు గీతల పరీక్ష మూడు పెన్నులతో చేసి, ఒకే పేజీలో పంపు. ప్రతి వరుస పక్కన బ్రష్ పేరు, సైజు, మినిమమ్, స్టెబిలైజర్ అంకె రాయి. జూమ్ చేసి తీసిన బొమ్మ కాదు, పేజీ మొత్తం కావాలి.

ఇట్లు,
మీ మావయ్య