పెద్ద వార్‌గేమ్‌కి (యుద్ధ వ్యూహాల కంప్యూటర్ ఆటకి) వారం గడువులో రివ్యూ రాయడం ఎందుకంత కష్టం?

ఆట అసలు రూపం ఆలస్యంగా బయటపడుతుంది కాబట్టి. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ, సోవియట్ యూనియన్‌ల పోరు మీద 2010లో వచ్చిన 'గ్యారీ గ్రిగ్స్‌బీస్ వార్ ఇన్ ది ఈస్ట్' చూడండి. ఒక్కో టర్న్ (ఆడే వంతు) అంటే ఒక వారం యుద్ధం. 1941 నుంచి 1945 దాకా నడిచే క్యాంపెయిన్‌లో, అంటే మొత్తం యుద్ధాన్ని ఆడే ఆటలో, 200కు పైగా టర్న్‌లు. మొదట్లో జర్మన్ ట్యాంకులు దూసుకుపోతుంటే ఆట తేలికే అనిపిస్తుంది. రైలు పట్టాల మరమ్మతు వెనకబడి, ముందున్న దళాలకు ఇంధనం అందక, పైగా చలికాలం వచ్చి పడ్డాక గానీ డిజైన్‌లో ఉన్న బలం తెలియదు. గడువేమో ఆలోపే అయిపోతుంది. ట్యుటోరియల్ ఆడేసి తీర్పు చెబితే పాఠకుడికి అన్యాయమే. నేనైతే ఒక చిన్న సినారియోని (యుద్ధంలో ఒక భాగాన్నే ఆడే ఆటని) రెండు వైపుల నుంచీ పూర్తిగా ఆడతాను. పెద్ద క్యాంపెయిన్‌లో ఎన్ని టర్న్‌లు చూశానో రివ్యూలోనే రాస్తాను. చివరి దశలో ఏఐ (ప్రత్యర్థిగా ఆడే కంప్యూటర్) ఎలా ఆడుతుందో చూడకపోతే, దాని జోలికి వెళ్లను.