ఆన్ కాన్వే పుస్తకాన్ని ఏ అధ్యాయం నుంచి చదవాలి?

ఇంగ్లీషు తత్వవేత్త ఆన్ కాన్వే (1631–1679) గ్రంథం ‘ద ప్రిన్సిపుల్స్ ఆఫ్ ద మోస్ట్ ఏన్షియంట్ అండ్ మోడర్న్ ఫిలాసఫీ’ మొదలుపెడితే రెండు అధ్యాయాలకే దైవశాస్త్రంలో కూరుకుపోతున్నాననీ, ఇందులో తత్వమీమాంస (ఉన్నవాటి మూల స్వభావం గురించిన విచారణ) ఎక్కడుందనీ అడిగారు. తొమ్మిది అధ్యాయాలనూ వరసగా చదవబోవడం వల్లే ఈ చిక్కు.

ముందు ఒక ఉత్తరం చదవండి. 1643 మే నెలలో బొహీమియా యువరాణి ఎలిజబెత్, ఆత్మా శరీరమూ వేరువేరన్న ఫ్రెంచ్ తత్వవేత్త డెకార్ట్‌కు రాసింది. దేన్నైనా కదిలించాలంటే తాకి నెట్టాలి, తాకడానికి కొంత చోటు ఆక్రమించే గుణం ఉండాలి. అది లేని ఆత్మ శరీరాన్నెలా కదిలిస్తుందని ఆవిడ ప్రశ్న. డెకార్ట్ బరువును ఉదాహరణగా చూపి ఇచ్చిన జవాబు ఆవిడకు సరిపోలేదు.

అక్కణ్ణుంచి నేరుగా కాన్వే ఎనిమిదో అధ్యాయానికి వెళ్ళండి. ఆత్మా శరీరమూ పూర్తిగా వేరువేరు స్వభావాలైతే, ఒంటికి దెబ్బ తగిలినప్పుడు ఆత్మకెందుకు నొప్పి? ఆమె వాదానికి ప్రాణం ఇక్కడుంది. ఏళ్ళ తరబడి భరించరాని తలనొప్పితో బతికిన మనిషి వేసిన ప్రశ్న ఇది. ఆమె తేల్చేదేమిటంటే, రెండూ ఒకే ద్రవ్యం, అంటే ఒకే మూల పదార్థం. తేడా సూక్ష్మతలోనూ స్థూలతలోనూ ఉంది, స్వభావంలో కాదు.

తర్వాత ఐదు, ఆరు. మార్పే లేనివాడు దేవుడు, మంచివైపు మాత్రమే మారగలవాడు క్రీస్తు, మంచికీ చెడుకీ మారగలవి సృష్టిలోని జీవులు. ఈ మూడే ఆమె ద్రవ్యాలు. ఇది పట్టుబడ్డాక మొదటి అధ్యాయం ఇబ్బంది పెట్టదు.

చాలామంది తడబడేది ఆరో అధ్యాయంలో. గుర్రం మెరుగుపడుతూ ఎప్పటికో మనిషి కాగలదని చదివి, అంతా ఒకటేనన్న తత్వవేత్త స్పినోజా మాటేగా అనుకుంటారు. కానీ పాల్ అనే వ్యక్తి యూదా అనే మరో వ్యక్తిగా మారడనీ ఆమె అక్కడే చెబుతుంది. పైగా తొమ్మిదో అధ్యాయంలో డెకార్ట్‌తో పాటు, అంతా భౌతిక పదార్థమేనన్న హాబ్స్‌నీ, స్పినోజానీ ఖండిస్తుంది.

మనవాళ్ళకు విశిష్టాద్వైతం గుర్తొస్తుంది. చిత్తు (చేతనం), అచిత్తు (జడం), ఈశ్వరుడు అంటూ మూడుకి మూడు పొసగినట్టే ఉంటాయి. అయితే రామానుజుల దగ్గర చిత్తు వేరు, అచిత్తు వేరు. కాన్వే కాదనేది సరిగ్గా ఆ తేడానే.

వ్యాసం రాసే ఉద్దేశముంటే ఒక జాగ్రత్త. ఆమె ఇంగ్లీషు రాతప్రతి మనకు దక్కలేదు. 1690లో ఆమ్‌స్టర్‌డామ్‌లో, ఆమె పేరు లేకుండా, లాటిన్ అనువాదం అచ్చయింది. 1692 నాటి ఇంగ్లీషు పాఠం ఆ లాటిన్ నుంచి తిరిగి చేసినది. అందుకని ఒక్క మాట అర్థాన్ని పట్టుకుని వాదం కట్టకండి, పేరా మొత్తం ఏం చెబుతోందో దాని మీద కట్టండి.